ఆల్ట్ మీట మీద ఇరవై రెండేళ్లు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. జీతాల రిజిస్టరులో అది కనిపిస్తుంది, దాని పక్కన సంతకం పెట్టేటప్పుడు ఆమెకే కాస్త కొత్తగా ఉంటుంది. మిగతా లోకానికంతటికీ ఆమె నంబర్లక్క. కాలేజీ గోడను ఆనుకుని వరసగా ఉన్న ఆరు డీటీపీ షాపుల్లో ఎవరికి ఏ గుర్తు కావలసి వచ్చినా పని ఆపి, గుమ్మంలోకి వచ్చి ఒక కేక వేసేవాళ్లు. "అక్కా, డిగ్రీ?" అంటే ఈవిడ తల తిప్పకుండా "సున్నా నూట డెబ్బై ఆరు" అనేది. ప్లస్ మైనస్ అయితే సున్నా నూట డెబ్బై ఏడు. వర్గమూలం రెండు వందల యాభై ఒకటి. కీబోర్డు మీద కనిపించని గుర్తును రప్పించాలంటే ఎడమ బొటనవేలితో ఆల్ట్ మీటను నొక్కి పట్టుకోవాలి, కుడిచేత్తో ఆ అంకెలు కొట్టాలి, ఆ తర్వాతే బొటనవేలు ఎత్తాలి. తొందరపడి ముందే ఎత్తితే ఏదో దిక్కుమాలిన గుర్తు పడుతుంది. అలాంటి నంబర్లు నూట నలభై దాకా ఆమె నాలుక చివర ఉండేవి. సొంత పెళ్లిరోజు మాత్రం ప్రతి ఏడూ మొగుడే గుర్తుచేయాలి.

లెక్కల పేపరు టైపు చేయమంటే మిగతా షాపుల వాళ్లకు ఎక్కడలేని పనులూ అప్పుడే గుర్తొస్తాయి. అందుకని కాలేజీ లెక్కలన్నీ ఈ షాపుకే వచ్చేవి, వచ్చినవన్నీ మొదటి మిషను దగ్గరికే వెళ్లేవి. ఆ కుర్చీలో ఆమె ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది. మొదట పెద్ద ఓనరు హయాం, తర్వాత ఆయన కొడుకుది. ఓనర్లు మారారు, మిషన్లు మారాయి, గోడ రంగు మారింది. కుర్చీ మీది దిండు మాత్రం ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నదే.

ఇక ఆ బొటనవేలి సంగతి. మూడేళ్ల క్రితం పొద్దున్నే పేస్టు నొక్కేటప్పుడు మణికట్టు పక్కన చురుక్కుమంది. చలికేమోలే అనుకుంది. ఆ తర్వాత సీసా మూత తిప్పేటప్పుడు, తాళం వేసేటప్పుడు. ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే మానమంటారు. చివరికి పట్టుకున్నది మొగుడు. ఆయన దర్జీ, జనం చేతుల్ని చూసి బతికే మనిషి. గుండీల డబ్బా అందించమంటే నాలుగు వేళ్లతో, బొటనవేలు బయటపెట్టి అందించింది. ఆయన డబ్బా తీసుకోకుండా ఆ వేలినే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు ఆస్పత్రి.

డాక్టరు ఆమెను బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి పట్టమని, మణికట్టు కిందికి వంచమన్నాడు. ఆమెకు పట్టపగలే చుక్కలు కనిపించాయి. ఏం పని చేస్తారని అడిగి, అంతా విని, ఆయన చెప్పింది ఇంతే: ఈ వేలితో తట్టొచ్చు, నొక్కి పట్టుకోకూడదు. ఇలాగే సాగిస్తే మూడు నాలుగు నెలల్లో కత్తి పెట్టాల్సి వస్తుంది, పెట్టాక కూడా వేలు మునుపటిలా వంగుతుందని మాటివ్వలేను. మణికట్టు నుంచి బొటనవేలి కణుపు దాకా బద్ద కట్టి పంపాడు.

సరిగ్గా అప్పుడే కాలేజీ లెక్కల మాస్టారు రాసిన పుస్తకం చేతిలో ఉంది. చేతిరాతలో నాలుగు వందల పన్నెండు పేజీలు, కాలేజీ తెరిచే నాటికి అచ్చయి రావాలి. ఆమె తొంభై పేజీలు చేసింది. పేజీకి ముప్పై గుర్తులనుకున్నా ఆ బొటనవేలు ఎన్నిసార్లు ఆల్ట్ మీద కూర్చోవాలో లెక్కలు రాకపోయినా చెప్పొచ్చు.

ఓనరు కట్టు చూసి నిజంగానే నొచ్చుకున్నాడు. పొమ్మనలేక పొగబెట్టే రకం కాదతను. "మీరు కౌంటరు దగ్గర కూర్చోండక్కా, రెండో సీటు చేత టైపు చేయిద్దాం, మీరు నంబర్లు చెబుతుండండి" అన్నాడు. రెండో సీటంటే రెండో మిషను మీద పనిచేసే ముప్పై నాలుగేళ్ల ఆవిడ. రెండేళ్లుగా ఉంటోంది, బడికెళ్లే కూతురుంది, మాట తక్కువ. అలా నంబర్లక్క కౌంటరుకు చేరింది. జెరాక్సుకు వచ్చినవాళ్లను ఒకవైపా రెండువైపులా అని అడగడం, కాగితాలు సర్దడం, వెనక నుంచి "అక్కా, థీటా?" అంటే నంబరు చెప్పడం. వారం తిరిగేసరికి ఆమెకు తను మనిషి కాదు, గోడకు తగిలించిన అట్టముక్క అనిపించింది. ఓనరు నోట కూడా అదే మాట వచ్చింది. ఈ నంబర్లన్నీ ఒక అట్ట మీద రాసి గోడకు తగిలిస్తే మీకీ శ్రమ ఉండదు కదా అన్నాడు, మంచి మనసుతోనే. ఆమె రాస్తానంది. రాయలేదు. ఆ అట్ట గోడకెక్కిన రోజు తను శాశ్వతంగా కౌంటరుకే అని ఆమెకు తెలుసు. ఆ భయం వేలి నొప్పి కంటే ఎక్కువగా ఉండేది.

ఇలా ఉండగా ఓనరు ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉన్న మొదటి మిషను ముందు టీ తాగుతూ కూర్చుని, గ్లాసు కాస్తా కీబోర్డులో బోర్లించాడు. రిపేరుకు స్క్రూడ్రైవరన్నయ్య వచ్చాడు. ఈయన అసలు పేరూ ఎవరికీ తెలియదు, జేబులోంచి ఎప్పుడూ తొంగిచూసే స్క్రూడ్రైవరే ఆయన విలాసం. కొత్తది వచ్చేదాకా వాడుకోమని ఒక పాత కీబోర్డు తగిలించాడు. ఎక్కడో పైదేశం నుంచి వచ్చిన సెకండ్ హ్యాండు సరుకు. దాని మీద అక్షరాలు కొన్ని చోట్లు మారి ఉన్నాయి. మనకు క్యూ ఉండే చోట ఏ రాసి ఉంది, ఏ ఉండే చోట క్యూ.

రెండో సీటు దాన్ని పరీక్షిద్దామని మీటల మీది అక్షరాలు చూస్తూ చిన్న మాటొకటి కొడితే తప్పు పడింది. నంబర్లక్కకు చేతులు ఊరుకోలేదు. కట్టుతోనే కూర్చుని, అలవాటు ప్రకారం ఎదురుగా తెర వైపు చూస్తూ రెండు లైన్లు కొట్టింది. ఒక్క తప్పు లేదు. కిందికి చూసింది. ఏ అని రాసి ఉన్న మీట నొక్కింది. తెర మీద క్యూ పడింది. మళ్లీ నొక్కింది. మళ్లీ క్యూయే.

"అన్నయ్యా, దీని మీద ఏ అని ఉంది. క్యూ పడుతోంది. అబద్ధం ఎవరు చెబుతున్నట్టు?"

"ఎవరూ చెప్పట్లేదమ్మా. మీటకు తను ఏ అని తెలియదు, క్యూ అనీ తెలియదు. ఎవరో పైన అచ్చేశారంతే. నొక్కితే అది పదహారు అని ఒక నంబరు పంపుతుంది. పదహారంటే ఏ అక్షరమో లోపల ఒక జాబితా ఉంటుంది, మిషను అది చూసుకుని అక్షరం వేస్తుంది."

నంబరు అన్న మాట వినగానే ఆమె కుర్చీ ఆయన వైపు తిరిగింది. ఇరవై రెండేళ్లు మీటలతో కాపురం చేసి ఈ సంగతి ఇప్పుడా తెలియడం అని ఆమెకు సిగ్గేసింది, దానికి పదింతలు సరదా వేసింది. ఇక ఆయన్ని వదల్లేదు. అన్ని మీటలూ నంబర్లే పంపుతాయా? అన్నీ. ఆల్ట్ కూడా? ఆల్ట్ కూడా. క్యాప్స్ లాకుది ఏ నంబరు? యాభై ఎనిమిది. వేలు ఎత్తిన సంగతి మిషనుకు ఎలా తెలుస్తుంది? ఎత్తినప్పుడు ఇంకో నంబరు పంపుతుంది, దానికి నూట ఇరవై ఎనిమిది కలిపితే వచ్చేది. అంటే నొక్కి పట్టుకోవడమంటే? ఆ రెండో నంబరు ఇంకా పంపలేదని, అంతే. స్క్రూడ్రైవరన్నయ్య ఇన్నేళ్లలో ఇలాంటి ప్రశ్నలు అడిగిన కస్టమరును చూడలేదు. టీ ఆరిపోతున్నా చెబుతూనే ఉన్నాడు.

ఆమె కొంచెంసేపు కట్టు కట్టిన చేతిని చూసుకుంది. "మరి గుర్తుపెట్టుకోవడం మిషను పని కదా అన్నయ్యా. ఒకసారి తట్టి వదిలేస్తే, తట్టారని అది గుర్తుపెట్టుకోలేదా? పట్టుకుని కూర్చోవడం నా వేలి పని ఎందుకైంది?"

పూర్వం అలా పెట్టారు, అందరూ అలాగే చేస్తున్నారు అన్నాడు. ఆ జాబితా మార్చుకోవచ్చా అంటే, మార్చుకోవచ్చు, ఒక చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది, మామూలు నోట్‌ప్యాడులో లైన్లు రాసినట్టు రాస్తే చాలు, కానీ మీకెందుకమ్మా అన్నాడు. ఆ "మీకెందుకమ్మా" ఆమె చెవిన పడనే లేదు. ప్రోగ్రాము ఎక్కించుకుని, రాసే పద్ధతి చూపించుకున్నాకే ఆయన్ని గుమ్మం దాటనిచ్చింది.

ఆ రోజు నుంచి కౌంటరు దగ్గర వృథా ప్రూఫు కాగితాల వెనకవైపంతా గళ్లు పడ్డాయి. ముందు ఆల్ట్ బదులు వాడుకోవడానికి ఒక మీటను ఖాళీ చేయించాలి. ఏ మీట? ఆమె కన్ను క్యాప్స్ లాకు మీద పడింది. ఎడమ చిటికెన వేలి పక్కనే, అందరికంటే మంచి చోటు, నిండుగా వెడల్పాటి కుర్చీ. చేసే పని చూస్తే రోజుకు రెండుసార్లు. ఇంట్లో వీధివైపు గది ఆక్రమించి ఏ పనీ ముట్టని పెద్దమామయ్యలాంటిది. దాన్ని పనిలో పెట్టింది. తర్వాత ఏ గుర్తు ఏ అక్షరం మీద పెట్టాలన్నది. ఇంటూ గుర్తు ఎక్స్ మీద, అందులో ఆలోచించేదేముంది. వర్గమూలం వి మీద, ఎందుకంటే ఆ రెండూ ఒకే కడుపున పుట్టినట్టుంటాయి. కింద గీతతో చిన్నదీ పెద్దదీ చూపే గుర్తులు కామా, చుక్క మీద. థీటాకు ఓ. సమానం కాదు అనే అడ్డగీత గుర్తుకు ఎన్. డిగ్రీ దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయింది. మొగుడు కత్తిరిస్తున్న గుడ్డ పక్కన పెట్టి, ఏమే, అన్నంలో చేయి పెట్టి అలా వేళ్లు కదుపుతున్నావేమిటని అడిగాడు. డిగ్రీకి చోటు దొరకడం లేదని చెప్పింది. ఆయనకు ముక్క అర్థం కాకపోయినా, డి మీద పెట్టెయ్యరాదూ అన్నాడు. డి మీదే పెట్టింది.

మొదటి ప్రయత్నంలో ఒక తెలివితక్కువ పని చేసింది. పాత అలవాటు పోక, క్యాప్స్ లాకును పట్టుకునే మీటగానే రాసింది. మూడు రోజులకు చిటికెన వేలు కూడా సలపడం మొదలెట్టింది. అంటే బొటనవేలి శిస్తును చిటికెన వేలి నెత్తిన వేసిందన్నమాట. తనను తానే తిట్టుకుని జాబితా అంతా తిరగరాసింది. ఈసారి పట్టుకోవడం లేదు. క్యాప్స్ ఒకసారి తట్టి వదిలేయాలి, తర్వాత తీరిగ్గా వి తట్టాలి, వర్గమూలం పడుతుంది. అది మొదటిసారి తెర మీద పడినప్పుడు షాపులో ఎవరూ లేరు. ఆమె నవ్వుకుంది. మళ్లీ మళ్లీ వేసి ఒక వరస నింపింది. ఇంత తేలికైనదాన్ని ఇన్నేళ్లు ఎవరూ అడగలేదేమిటా అని ఆశ్చర్యపోయింది. తనే అడగలేదు కదా అని కూడా అనుకుంది.

ఓనరు దగ్గరికి వెళ్లి, బొటనవేలు వాడకుండా చేయగలనని, సగం పుస్తకం ఇవ్వమని అడిగింది. పది పేజీలు చేసి చూపించింది. ఎలా అని అతను అడిగితే అలవాటైందిలే బాబూ అంది. బేసి అధ్యాయాలు మొదటి మిషనుకు, సరి అధ్యాయాలు రెండో సీటుకు అని పంచాడు. అక్క తిరిగి తన దిండు మీద కూర్చుంది.

ఇక్కడే ఆమె ఒక పని చేసింది, చెప్పుకోదగ్గది కాదు. ప్రోగ్రాము సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం వెళ్లేముందు దాన్ని ఆపేసేది, పొద్దున వచ్చాక ఎవరూ చూడకుండా తెరిచేది. లెక్క స్పష్టంగా ఉంది. క్యాప్స్ తట్టి డి తడితే డిగ్రీ పడుతుందంటే అది ఎవరు తట్టినా పడుతుంది. అలాంటప్పుడు యాభై ఒక్క ఏళ్ల, కట్టు కట్టిన చెయ్యి దేనికి? రెండో సీటు పక్క నుంచి "అక్కా, ప్లస్ మైనస్?" అంటే ఎప్పటిలాగే "సున్నా నూట డెబ్బై ఏడు" అనేది. ఆ గొంతులో పూర్వపు దర్జా తిరిగొచ్చింది. వేలు కూడా నెమ్మదించింది. మూడు వారాలు హాయిగా గడిచాయి.

నాలుగో వారంలో ఒకరోజు అన్నానికి ఇంటికెళ్తూ ప్రోగ్రాము ఆపడం మరిచిపోయింది. ఆ గంటలోనే కాలేజీ నుంచి ఎవరో నోటీసు కావాలని వచ్చారు. ఓనరు మొదటి మిషను ముందు కూర్చుని, నోటీసు అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో కొట్టబోయాడు. క్యాప్స్ నొక్కాడు. మొదటి అక్షరం బదులు సమానం కాదు అనే గుర్తు పడింది, మిగతావన్నీ చిన్నక్షరాలు. చెరిపి మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. క్యాప్స్ దీపం వెలగడం లేదు. కీబోర్డు తిరగేసి వీపు తట్టాడు, ఊదాడు. నంబర్లక్క గుమ్మంలోకి వచ్చేసరికి అతను స్క్రూడ్రైవరన్నయ్యకు ఫోను చేయబోతున్నాడు. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

అప్పుడు రెండో సీటు లేచి వచ్చింది. తెర మీద గుర్తు చూసింది, క్యాప్స్ మీట చూసింది, అక్క ముఖం చూసింది. దుమ్ము పట్టినట్టుంది సార్, నా మిషను మీద కొట్టిస్తాను అని ఓనరును పక్కకు తీసుకెళ్లింది. నోటీసు ఇచ్చి, వచ్చినవాళ్లను పంపేసి, తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంది. నీళ్ల సీసా తీసుకుని మూత పళ్లతో పట్టి తిప్పింది. సీసాను ఎడమ చేత్తో, నాలుగు వేళ్లతో పట్టుకుంది. బొటనవేలు బయటికి ఉంది.

ఆ పట్టు నంబర్లక్కకు తెలుసు. మొగుడు గుండీల డబ్బా తీసుకోకుండా చూస్తూ కూర్చున్నది దాన్నే.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"ఏదక్కా?"

"ఆ వేలు."

రెండో సీటు సీసా కింద పెట్టింది. "మీరు కౌంటరుకు వెళ్లినప్పటి నుంచి. మీ అంత అలవాటు లేదు కదా, అందుకనుకున్నా. అలవాటైతే తగ్గుతుందిలే అని చెప్పలేదు."

ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని, తన వేలు సుఖంగా ఉంటే, ఈ మనిషికి దర్జాగా నంబర్లు చెప్పింది. చెప్పిన ప్రతి నంబరుకూ ఆ బొటనవేలు ఒకసారి ఆల్ట్ మీదికి వెళ్లింది. లెక్క వేయబోయి ఆపేసింది. కౌంటరు భయం ఎక్కడికీ పోలేదు. అయినా లేచి రెండో మిషను దగ్గరికి వెళ్లింది.

"లే అమ్మాయ్, కొంచెంసేపు ఇలా ఇవ్వు" అంది.

ప్రోగ్రాము ఎక్కించి, తన జాబితా అందులో పెట్టి, ఎలా తట్టాలో చూపించింది. ఎన్నాళ్ల నుంచి తను ఇలా చేస్తోందో కూడా చెప్పేసింది. రెండో సీటు విని తన బొటనవేలిని చూసుకుంది. నాకు ముందే చెప్పాల్సిందక్కా అంది. ఆమె ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడింది లేదు. చెప్పాల్సింది అని అక్క ఒప్పుకుంది. సాయంత్రం ఓనరుకూ చెప్పింది, క్యాప్స్ లాకు బదులు షిఫ్టు పట్టుకోమని, లేదా ప్రోగ్రాము ఆపుకోమని. అతను ఇద్దరి చేతులనూ మార్చి మార్చి చూశాడు. పుస్తకం అయ్యేదాకా ఇద్దరూ మిషన్ల మీదే ఉండండి, ఆ తర్వాత కౌంటరులో ఎవరు కూర్చోవాలో చూద్దాం అన్నాడు. ఆ "చూద్దాం" అక్క మనసులో ముల్లులా గుచ్చుకునే ఉండిపోయింది.

మర్నాడు షాపులో ఎవరూ నంబరు అడగలేదు. ఆ మర్నాడూ లేదు. రెండు మిషన్ల మీటల చప్పుడు తప్ప వేరే మాట లేదు. నంబర్లక్కకు బాధేసింది. దాచుకోవడమెందుకు, బాగా బాధేసింది. రెండో సీటు వేలికి కట్టు అక్కర్లేదని, కొద్దిరోజులు జాగ్రత్తగా ఉంటే చాలని డాక్టరు చెప్పాడన్న కబురు వచ్చాక మాత్రం మధ్యాహ్నం అన్నం సయించింది.

మూడో రోజు పదకొండో అధ్యాయంలో ఒక కొత్త గుర్తు తగిలింది, తలకిందులుగా నిలబెట్టిన త్రికోణం. జాబితాలో అది లేదు. ఏ అక్షరం మీద పెట్టినా పోలిక కుదరడం లేదు. మాస్టారి రాతలో చూస్తే అది పన్నెండో అధ్యాయంలోనూ ఉంది. పన్నెండు రెండో సీటు వాటా. నువ్వేమైనా పెట్టావా అని అడగడానికి నోరు రావడానికి కొంచెం టైము పట్టింది. ఇరవై రెండేళ్లలో ఆ షాపులో ఆమె ఒక గుర్తు గురించి ఇంకొకరిని అడగడం అదే మొదలు.

"పొద్దున్నే పెట్టేశా అక్కా" అంది రెండో సీటు.

"ఏ అక్షరం మీద?"

"అక్షరం మీద కాదు. ఆల్ట్ మీద. క్యాప్స్ తట్టి ఆల్ట్ తట్టండి. ఇప్పుడు దాన్నెవరూ పట్టుకోవట్లేదు కదా, ఊరికే ఖాళీగా ఉందని."

అక్క కుర్చీ రెండో మిషను దాకా జరుపుకుంది. జాబితాలో ఆ లైను రెండుసార్లు చదివింది. పదే పదే ఒకే చోట నొక్కి నొక్కి మొదటి మిషను పాత కీబోర్డుల మీద ఆల్ట్ అన్న అక్షరాలు ఎప్పుడూ ముందే చెరిగిపోయేవి. అంతకాలం దాన్ని పట్టుకు కూర్చున్న మనిషికి, దాని మీదా ఒక గుర్తు పెట్టొచ్చన్న ఆలోచన రాలేదు.

"బాగుందే" అంది, మనస్ఫూర్తిగా. "ఎలా తట్టిందమ్మాయ్ నీకు?"

రెండో సీటు చెబుతుంటే వింటూ, కట్టులోంచి బయటికి ఉన్న బొటనవేలి కొసతో ఆల్ట్ ఒకసారి తట్టి, వెంటనే వేలు ఎత్తేసింది. తెర మీద తలకిందుల త్రికోణం పడింది.